ఎర్ర గీత కింద మాట

కుర్చీ మూడడుగులు వెనక్కి పోయింది. ఇరవై నాలుగేళ్ళుగా వేదికకి కుడిపక్క, రెండో పక్కతెర వెనక, నేల మీద సుద్దముక్కతో గీసిన నాలుగు గుర్తుల మధ్య ఉండే నా కుర్చీని ఈ మధ్యాహ్నం ఆట మొదలవకముందే అన్నయ్య తన చేత్తో తనే లాగి వెనక గోడకి ఆనించాడు, దొర వేషంలో, నడుముకి కత్తితో సహా. కుర్చీలు మోసే దొరని నేనెప్పుడూ చూడలేదు, నవ్వొచ్చింది, నవ్వలేదు. "ఇక్కడ కూర్చో. చూడు. నోరు మాత్రం విప్పకు," అన్నాడు. నోరు విప్పకుండా కూర్చోడానికి నేనెందుకు ఈ నాటక సమాజంలో, నా పనే అది కదా, మాట తట్టనివాడికి మాట అందించడం, ముందు కుర్చీలవాళ్ళకి వినపడకుండా ఆడేవాడి చెవికి మాత్రం అందేలా, ఊపిరికీ మాటకీ మధ్య ఎక్కడో ఉండే గొంతుతో. అందుకే ఇక్కడ అందరూ నన్ను గుసగుసమ్మ అంటారు, అసలు పేరు జీతం ఇచ్చేవాడికి కూడా గుర్తుండదు. ఒళ్ళో నాటకం పుస్తకం ఉంది, అట్ట ఊడిపోతే గుడ్డ అంటించినది. చూడక్కర్లేదు నాకు, ఏ పేజీలో ఏ మాట మీద టీ మరక ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను, కానీ పుస్తకం ఒళ్ళో లేకపోతే చేతుల్ని ఏం చెయ్యాలో తోచదు. మూడడుగులంటే ఎంతని, చంటిపిల్ల కూడా నడిచేస్తుంది. అయినా ఇక్కడినుంచి నా గుసగుస తనకి చేరదు. చేరాలంటే గొంతెత్తాలి, గొంతెత్తితే హాలంతా వింటుంది. అది తెలిసే జరిపాడు.

విరామం అయి పావుగంట దాటింది. ఇప్పటిదాకా ఒక్క మాట పొల్లుపోలేదు, రెండో రంగంలో ఒకచోట ఊపిరి ఎక్కువసేపు పట్టాడు కానీ అది జనం నటన అనుకున్నారు, నేను మాత్రం లెక్కపెట్టాను, ఒకటి, రెండు, మూడు, నాలుగో అంకెకి మాట వచ్చింది. మొదటి వరసలో నడి మధ్య మేనేజరు కూర్చున్నాడు, పక్కన ఇద్దరు పెద్దమనుషులు, వచ్చే నెలనుంచి పన్నెండు ఊళ్ళలో ఈ నాటకం ఆడించబోయేవాళ్ళు. పోయిన వారం మేనేజరు మేకప్ గదిలోకి వచ్చి అన్నయ్య మొహం చూడకుండా అద్దంలో చూస్తూ మాట్లాడాడు. "మీ చెల్లెలుగారి గొంతు నాకు నాలుగో వరసలోకి వినపడిందండీ. ఒకసారి కాదు. ఆదివారం వాళ్ళొస్తున్నారు. సాఫీగా జరిగిందా, పన్నెండూళ్ళూ మీవే. లేదంటే సేనాపతి వేషం వేసే అబ్బాయి దొర మాటలన్నీ నేర్చుకునే ఉన్నాడు." ఆయన అటు వెళ్ళగానే అన్నయ్య నా చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "ఆదివారం మాట అందించావంటే నా మీద ఒట్టే. ఆగిపోయినా సరే, నువ్వు పలక్కూడదు." ఒట్ల మీద నాకు నమ్మకం లేదు, అరవైకి దగ్గరపడుతున్నదాన్ని, ఎన్ని ఒట్లు గట్టున పెట్టలేదు. కానీ రంగు వేసిన జుట్టు కింద ఆ తల వెచ్చగా ఉంది, చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే అమ్మ నన్ను పట్టి చూడమనేది, అచ్చం అలాగే, చెయ్యి తీసుకోబుద్ధి కాలేదు, సరే అన్నాను. ఎందుకన్నానో. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఇప్పుడు వేదిక మీద నీలం దీపాలు. దొర ఒక్కడే అటూ ఇటూ నడుస్తున్నాడు, కుడిచెయ్యి అంగీ మడతలో దాచుకుని. ఈ నాటకంలో ఉన్నదంతా ఆ చెయ్యే. కోటకి దొర, చుట్టూ శత్రువులు, ఓ రోజు పొద్దున్న లేచేసరికి కుడిచెయ్యి వణకడం మొదలవుతుంది. అంతే, శత్రువు సంగతి మర్చిపోతాడు, చెయ్యి సంగతి ఎవరికి తెలిసిపోతుందో అన్నదే భయం. చూసిన వైద్యుణ్ణి వెళ్ళగొడతాడు, పసిగట్టిన తమ్ముణ్ణి వెళ్ళగొడతాడు, ఆఖరికి రాత్రిళ్ళు ఆ చెయ్యి పట్టుకుని పడుకునే పెళ్ళాన్ని కూడా. శత్రువు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒక్కసారైనా వేదిక మీదికి రాడు, ఆ వేషానికి ఈ సమాజంలో మనిషే లేడు. కోటకి నిప్పంటించేది కూడా శత్రువు కాదు, దొర చేతిలో దీపమే. వణికే చేతిలో దీపం పెట్టుకుని మెట్లు దిగుతూ, ఇలా ఇవ్వండి దొరా అన్నవాడికి ఇవ్వకుండా, పడేసుకుంటాడు. అలా ఇవ్వకుండానే పోయాడు మహానుభావుడు. లోపల మిగిలేది తనూ, గుమ్మం కాసే కావలివాడూ. తలుపుకి అడ్డగడియ ఉంటుంది, ఇద్దరు ఎత్తితే తప్ప లేవదు. కావలివాడు అడుగుతాడు, "దొరా, గడియ తియ్యమంటారా?" దానికి రాసినాయన రాసిన జవాబు, "నా చెయ్యి వణుకుతోంది. నువ్వూ ఓ చెయ్యి వెయ్యి." నాటకంలో ఆఖరి మాట అదే. అప్పటికి ఆలస్యమైపోతుంది, ఇద్దరూ ఎత్తుతుండగానే కప్పు కూలుతుంది, తెర పడుతుంది.

ఆ మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు. మొదటి రిహార్సల్లోనే అన్నయ్య అక్కడ ఆగి, "వీరుడు అడగడు," అని నా చేతిలోంచి ఎర్ర పెన్సిలు తీసుకుని కొట్టేశాడు. పైన ఖాళీలో "తప్పుకో. నేనే తీస్తాను" అని రాశాడు. రాసినాయన బక్కపలచటి బడిపంతులు, కండువాతో కళ్ళజోడు తుడుచుకుంటూ, "అడగడానికేనండీ, ఆ ఒక్క మాట అడగడానికే నాటకమంతా రాసింది," అన్నాడు. అన్నయ్య నవ్వి ఆయన భుజం తట్టాడు. మొదటి ఆటకి చప్పట్లు ఆగితే ఒట్టు. దొర ఒంటరిగా గడియ కింద భుజం పెట్టి పళ్ళు బిగబట్టి లాగుతుంటే, పక్కనే కావలివాడు రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని నిలబడి ఉంటే, జనం లేచి నిలబడ్డారు. పంతులుగారు నా పక్కన నిలబడి చూశాడు. "బాగుందమ్మా. కానీ ఇది వేరే ఎవరిదో కథ," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. పెన్సిలు గీత ఎంతని దాస్తుంది, దాని కింద ఆయన మాట చక్కగా కనపడుతూనే ఉంటుంది, ఇరవై నాలుగేళ్ళుగా చదువుతూనే ఉన్నాను. చదివేది నేనొక్కదాన్నే.

దొర భార్య వచ్చింది, తెల్లచీర, ఆమె ఏడుస్తుంది, తను వెళ్ళిపొమ్మంటాడు. ఇక్కడ తడబడడు, కోపం మాటలు తనకి ఎప్పుడూ తడబడవు. నాకు భయం ఉన్నది ఒకే ఒక్కచోట. కావలివాడి ప్రశ్న నాటకంలో రెండుసార్లు వస్తుంది. రెండో రంగంలో కోట బయట జనం ఆశ్రయం అడుగుతుంటే, "దొరా, గడియ తియ్యమంటారా?" అంటాడు, దొర "తియ్యకు. తెల్లారనీ" అంటాడు. ఆఖరి రంగంలో మళ్ళీ అదే ప్రశ్న, పొల్లుపోకుండా అదే, జవాబు మాత్రం వేరు. పంతులుగారు కావాలనే అలా రాశాడు, ఆయనకేం, రాసి ఇంటికి పోయాడు. అడిగేది ఒకటే అయి జవాబు రెండైతే నటుడికి అంతకన్నా పెద్ద గొయ్యి లేదు, బుర్ర సరిగ్గా ఉన్నవాడు కూడా ఒక్కోసారి పాత దారి పట్టేస్తాడు. అందుకని ఆఖరి రంగంలో కావలివాడు నోరు తెరిచేటప్పుడే నేను "తప్పుకో" అని గుసగుసగా వదిలేదాన్ని, గాలికి వదిలినట్టు. ఈ మధ్య మూడేళ్ళుగా. అన్నయ్య దాన్ని అందుకునేవాడు, అందుకున్నట్టు తనకి కూడా తెలియనిచ్చేవాడు కాదు, నేనూ తెలియనిచ్చేదాన్ని కాదు. అలా ఎన్నాళ్ళైనా నడిచేదే. పోయిన నెల తన చెవి మందగించిందో, నా గొంతు పెరిగిందో.

తనని అనడం తేలిక. నాన్న సంగతి తెలిసినదాన్ని, ఎలా అనను. నాన్న కూడా నటుడే, న్యాయాధికారి వేషం వేసేవాడు. నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకి పధ్నాలుగు, ఇద్దరం ముందు వరసకి కాస్త ముందు నేల మీద కూర్చున్నాం. ముద్దాయికి శిక్ష చెప్పాల్సిన చోట నాన్న ఆగిపోయాడు. చాలాసేపు ఆగాడు. తర్వాత పక్కతెర వైపు తిరిగి, అక్కడ దుస్తులకి బొత్తాలు కుడుతున్న అమ్మని, ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందని అడిగినంత మామూలుగా, "ఏమంటానే ఇప్పుడు?" అని అడిగాడు. హాలు నవ్వింది. నేనూ నవ్వాను, అందరూ నవ్వుతున్నారు కదా అని, అన్నయ్య నా నోరు మూశాడు, ఆ వేళ్ళు ఎంత గట్టిగా నొక్కాయో ఇప్పటికీ బుగ్గకి గుర్తే. అమ్మ పరిగెత్తి తెర దింపించేసింది. ఆ నవ్వు ఆ రోజుతో పోతే బాగుండును. మంగలి దగ్గర, పంపు దగ్గర, బడిలో, నాన్న పేరు "ఏమంటానే" అయిపోయింది, అన్నయ్య "ఏమంటానేగారి అబ్బాయి". వారానికో దెబ్బలాట, రోజుకో చిరిగిన చొక్కా. నాన్న నాటకాలు మానేసి బస్సు డిపోలో టికెట్ల కిటికీ వెనక కూర్చున్నాడు, ఊరి పేరు చెప్పి టికెట్టు చింపడం, అంతకుమించి మాటలు అక్కర్లేని పని. అమ్మని మాత్రం క్షమించలేదు. "ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే గుర్తొచ్చేదే," అనేవాడు, అన్నం తింటూ తింటూ, ఉన్నట్టుండి, ఏళ్ళ తరవాత కూడా. అమ్మ మజ్జిగ పోసేది.

అప్పటినుంచి అన్నయ్య ఎవరినీ ఏదీ అడగలేదు. కొత్త ఊళ్ళో బస ఎక్కడో తెలియక మూడు గంటలు వీధులు తిరిగాడు కానీ దారి అడగలేదు, ఇనప్పెట్టె ఐదు అంతస్తులు ఒక్కడే మోసి నడుం పట్టేస్తే నెల రోజులు నిలబడే అన్నం తిన్నాడు. మేకపోతు గాంభీర్యం అని అమ్మ ముద్దుగానే అనేది. వదిన పోయిన రోజున కూడా వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు వేస్తూ తిరిగాడు, కూర్చో అన్నయ్యా అంటే, "నాకేం, బానే ఉన్నాగా," అన్నాడు. నాన్న పోలికలు రాకూడదని నాన్నలా తల పక్కకి దువ్వుకోవడం కూడా మానేశాడు. కానీ పోలికలు దువ్వెనలో ఉంటాయా.

అదిగో, మెట్ల మీద దీపం పడింది, ఎర్ర దీపాలు వచ్చాయి, పొగ వదిలారు. గొంతు మండుతోంది, దగ్గకూడదు. కళ్ళలో నీళ్ళు పొగవల్లే. రెండు నెలల కిందట ఇదే వేదిక మీద వైద్యుడు తనని కాపాడాడు. వైద్యుడంటే వైద్యుడి వేషం వేసేవాడు, ఇరవై ఏళ్ళు అదే వేషం వేసి బయట కూడా వైద్యుడే అయిపోయాడు, తలనొప్పంటే మేమంతా వాణ్ణే మాత్ర అడిగేవాళ్ళం, వాడు ఇచ్చేవాడు కూడా. రెండో రంగంలో "తియ్యకు" అని అన్నయ్య ఆగిపోయాడు. నేను అందించేలోగానే వైద్యుడు ముందుకొచ్చి, "తెల్లారనీ అంటారు, తెలుసు దొరా, ఆ తెల్లారేలోగా చెయ్యి ఒకసారి చూడనివ్వండి," అన్నాడు, పుస్తకంలో లేని మాట, అక్కడికక్కడ అల్లి. మాట దొరికింది, ఆట నడిచింది, ఒక్కడికి అనుమానం రాలేదు. లోపలికి రాగానే అన్నయ్య విగ్గు తీసి నేలకి కొట్టాడు. "నా మీద జాలి పడుతున్నావురా?" వాడు సగం మీసం ఊడదీసుకుంటూ, "జాలేంటి బావా, పక్కనే ఉన్నాగా, నోట్లోంచి వచ్చేసింది," అన్నాడు. మర్నాడు పొద్దున్నే అన్నయ్య మేనేజరుతో, "వాడుంటే నేనుండను," అన్నాడు. వైద్యుడు పెట్టె సర్దుకుని నా దగ్గరకొచ్చాడు. "నువ్వైనా ఓ మాట చెప్పమ్మా, నీ మాట వింటాడు." ఇరవై నాలుగేళ్ళుగా అందరికీ మాటలు అందించినదాన్ని, వాడికి ఇవ్వడానికి నా దగ్గర ఒక్క మాట లేకపోయింది. చెబితే అన్నయ్య జబ్బు సంగతి బయటపడుతుంది. వాడు తలనొప్పి మాత్రల డబ్బా నా కుర్చీలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడా వేషం వేస్తున్నవాడికి తన మాటలు తప్ప పక్కవాడి మాటలు ఒక్కటీ తెలియవు.

జబ్బు అన్నాను కదూ, మతిమరుపు జబ్బు. నిజం డాక్టరు, వేషం కాదు, తెల్ల కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గియ్యమంది. అన్నయ్య గుండ్రంగా గీశాడు, బాగానే గీశాడు, తర్వాత అంకెలన్నీ కుడిపక్కనే పేర్చాడు, పన్నెండూ, ఒకదాని మీద ఒకటి, ఎడమపక్క అంతా ఖాళీ. చూసుకుని తనే అన్నాడు, "మిగతా సగం నిద్రపోయే టైములెండి, ఎవరు చూస్తారు." డాక్టరు నవ్వింది, నేనూ నవ్వాను, బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. అన్నయ్య కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "ఎవరికైనా చెప్పావో," అన్నాడు, మిగతాది అనలేదు. చెప్పలేదు నేను. చెప్పి ఉంటే వైద్యుడు ఉండేవాడు, మేనేజరు మంచివాడే, చిన్న వేషం ఏదో ఇచ్చేవాడు, నా కుర్చీ గుర్తుల మధ్యే ఉండేది. తను కోటలోంచి ఒక్కొక్కళ్ళనే పంపేస్తుంటే నేను తలుపు తీసి పట్టుకున్నాను, అంతేగా నేను చేసింది. రోజూ వేసే వేషమే కదా, తనకి కనపడలేదా అని వైద్యుడు వెళ్ళిన రాత్రి అనుకున్నాను. రోజూ చదివే పుస్తకమే కదా, మరి నాకు?

కావలివాడు వచ్చాడు. ఈ వేషం వేసేవాడు నెమ్మదస్తుడు, అన్నయ్యంటే హడలు. దగ్గుతూ, తడుముకుంటూ గుమ్మం దాకా నడిచాడు. అన్నయ్య మధ్యలో ఉన్నాడు, వీపు నా వైపు, మెడ మీద చెమట ఎర్ర వెలుగులో మెరుస్తోంది. తెర తాడు లాగే తాత లేచి నిలబడ్డాడు, ఇంకో రెండు నిమిషాల్లో తెర దింపాలి కదా. పెదాలు వాటంతటవే కదిలాయి నాకు, తప్పుకో, తప్పుకో, నేనే తీస్తాను, చప్పుడు లేకుండా, గోడకేసి.

"దొరా, గడియ తియ్యమంటారా?"

"తియ్యకు," అన్నాడు అన్నయ్య, నిండుగా, ధీమాగా, గొంతులో ఎక్కడా వణుకు లేకుండా. "తెల్లారనీ."

అయిపోయింది. కావలివాడికి ఎదురుచెప్పడం రాదు, అలవాటుకొద్దీ రెండో రంగం మాటే అందుకున్నాడు, "బయట పసిపిల్లలు ఏడుస్తున్నారు దొరా." కోట తగలబడిపోతోంది, బయట పసిపిల్లలేమిటి. అన్నయ్య రెండో రంగం అంతా అలాగే నడుపుకుపోతున్నాడు, ఎంత బాగా చేస్తున్నాడో, ఇందాక ఆ రంగం చేసినప్పటికంటే బాగా చేస్తున్నాడు. మేకప్ గదిలోంచి కొత్త వైద్యుడు పరిగెత్తుకొచ్చాడు, సగం మొహం సబ్బుతో, మీసం ఒకపక్కే ఉంది, "నన్నెళ్ళగొట్టేశారు కదా అమ్మా, మళ్ళీ వెళ్ళాలా?" అని నన్నే అడుగుతున్నాడు. వెళ్ళమన్నాను. ఏం చెయ్యమంటారు, ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ ఒంటి మీసంతో వాడు వెళ్ళి చెయ్యి చూపించమన్నాడు, దొర వెళ్ళగొట్టాడు, నాలుగు నిమిషాలు. జనంలో ఇంకా చప్పుడు లేదు, దొరకి పాత రోజులు గుర్తొస్తున్నాయని అనుకుంటున్నారేమో, దీపాలవాడు ఎరుపుంచాలో నీలం చెయ్యాలో తెలియక రెండూ కలిపి ఊదారంగు చేసి పెట్టాడు. తాత నా వైపు చూస్తున్నాడు. తాడు చేతిలో ఉంది, నేను తల ఊపితే చాలు. అమ్మైతే దింపించేసింది. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే గుర్తొచ్చేదే. వద్దని చెయ్యి ఆడించాను.

వైద్యుడు వెళ్ళిపోగానే కావలివాడు తెలివిగానే, పాపం, దారి మళ్ళించబోయాడు. మళ్ళీ గుమ్మం దగ్గరికి నడిచి, మంటల వైపు చెయ్యి చూపించి, గట్టిగా దగ్గి, అడిగాడు. "దొరా, గడియ తియ్యమంటారా?"

నేను లేచి నిలబడ్డాను. ఒట్టు లేదు గిట్టు లేదు, "తప్పుకో," అన్నాను, గుసగుస కాదు, దాదాపు మాటే. తను విన్నాడు. నాకు తెలుసు విన్నాడని, మెడ నరం ఒక్కసారి కదిలింది, భుజం నా వైపు తిరగబోయి ఆగింది. అందుకోవచ్చు. చెయ్యి చాపితే అందే మాట. "తియ్యకు," అన్నాడు అన్నయ్య, ఇందాకటికంటే గట్టిగా, హాలు వెనక గోడకి తగిలేలా, నా మాటని కొట్టేస్తూ. "తెల్లారనీ." మొదటి వరసలో పెద్దమనుషుల్లో ఒకాయన మేనేజరు చెవిలో ఏదో అన్నాడు. కుర్చీలు కిర్రుమంటున్నాయి. కావలివాడికి ఇంకేం మిగల్లేదు, వాడు పసిపిల్లల మాట ఎత్తలేదు, నేలవైపు చూస్తూ నిలబడ్డాడు, పొగ తగ్గిపోయింది, పొగ తగ్గితే అట్టలకి రంగు వేసిన కోట ఎంత పల్చగా ఉందో అందరికీ కనపడుతోంది. తాత దగ్గాడు. నేను కదల్లేదు. ఏడవాలనిపించింది కానీ దానికి కూడా టైము లేదు.

మూడోసారి కావలివాడు నటించలేదు, బతిమాలాడు. "దొరా. గడియ తియ్యమంటారా?"

అన్నయ్య నోరు తెరిచాడు. మూశాడు. అంగీ మడతలోంచి కుడిచెయ్యి బయటికొచ్చింది, దాన్ని చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు. అది నిజంగానే వణుకుతోంది, ఇరవై నాలుగేళ్ళుగా వణికించిన చెయ్యి, ఇప్పుడు వణికించకుండానే. మెల్లగా తల తిప్పాడు. పక్కతెర వెనక, సుద్ద గుర్తుల వైపు చూశాడు. అక్కడ కుర్చీ లేదు. కుర్చీ ఏమైందో తనకి తెలియలేదు, మధ్యాహ్నం తనే జరిపినట్టు గుర్తు లేదు, నా కోసం కింద, పైన, తెర అంచు వెంట వెతికాడు, ఆ మొహం చూడలేకపోయాను, సంతలో తప్పిపోయిన పిల్లల మొహం అలా ఉంటుంది. మూడడుగులు నడిచి గుర్తుల మధ్య నిలబడ్డాను. నన్ను చూశాడు. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు.

"ఏమంటానే ఇప్పుడు?"

నాన్న గొంతే. అదే మామూలుతనం, అదే ఉప్పుడబ్బా. నేను నవ్వు కోసం ఎదురుచూశాను, కళ్ళు మూసుకుని, తొమ్మిదేళ్ళపిల్లలా భుజాలు ముడుచుకుని. రాలేదు. అన్ని వందలమందిలో ఒక్కళ్ళు కూడా నవ్వలేదు, ఎవరో ఒకామె ముక్కు చీదిన చప్పుడు, అంతే. ఏ నవ్వుకి భయపడి వైద్యుణ్ణి పంపేశాడో, నా కుర్చీ జరిపాడో, నలభై తొమ్మిదేళ్ళు ఒక్కడే అన్నీ మోశాడో, ఆ నవ్వు ఇక్కడ లేదు. ఎప్పటినుంచి లేదో. చెప్పేవాళ్ళెవరు తనకి.

తాత తాడు వదిలేసి చేతులు కట్టుకున్నాడు. పుస్తకం తెరిచాను. చూడక్కర్లేదు, అయినా తెరిచాను, వేలు పెట్టి వెతుక్కున్నాను. పైన అన్నయ్య అక్షరాలు, కింద ఎర్ర గీత, గీత కింద ఆ మాట. గొంతెత్తాను. ఇన్నేళ్ళలో ఈ హాలంతా నా గొంతు ఎప్పుడూ వినలేదు, ఇంత పెద్దగా ఉంటుందని నాకే తెలియదు.

"నా చెయ్యి వణుకుతోంది. నువ్వూ ఓ చెయ్యి వెయ్యి."

అన్నయ్య అందుకోలేదు. గడియ పక్కనున్న రాతిదిమ్మ మీద కూర్చున్నాడు, కత్తి అడ్డొస్తే పక్కకి జరుపుకున్నాడు, తల కాస్త వంచి, నాటకం చూడ్డానికి వచ్చిన మనిషిలా శ్రద్ధగా విన్నాడు. మొహంలో ఎక్కడా భయం లేదు.

"బాగుంది," అన్నాడు. "తర్వాత?"

పుస్తకంలో ఆ తర్వాత ఏమీ రాసి లేదు.